ఏసా, పికప్పా? కొల్లేటి సరుకు చెప్పే లెక్క

ఏలూరు, కైకలూరు, ఆకివీడు వైపు చేపల కిరాయిలకు బండి కొనాలనుకునేవారు టాటా ఏస్, మహీంద్రా బొలేరో పికప్‌లలో ఏది మేలో తేల్చుకోలేక సతమతమవుతుంటారు. 2005లో వచ్చిన ఏస్ డీజిల్ బండిది రెండు సిలిండర్ల, 702 సీసీ ఇంజను. మోసేది సుమారు 750 కిలోలు. పికప్‌ది నాలుగు సిలిండర్ల, 2,523 సీసీ ఇంజను. 1,300, 1,700 కిలోలు మోసే రకాలున్నాయి. ధర, వాయిదా, డీజిల్ ఖర్చు ఏస్‌కే తక్కువ. అయినా చేపల కిరాయికి పికప్పే మేలంటాను. ఎందుకంటే కాటాకెక్కేది చేపే అయినా, బండి మోసేది చేపతోపాటు ఐసునూ, ట్రేలనూ కూడా.

చిన్న బండితో రెండు ట్రిప్పులు వేస్తే సరిపోదా అని అడగొచ్చు. ఉల్లిపాయలకైతే సరిపోతుంది; తాడేపల్లిగూడెం మార్కెట్ నుంచి ఇరుకు వీధుల్లోని దుకాణాలకు బస్తాలు చేర్చడానికి ఏసే లాభం. చేప అలా ఆగదు. బండి తిరిగొచ్చేలోగా చెరువు గట్టు మీద ఐసు కరుగుతుంది, సరుకు విలువ పడిపోతుంది. పోనీ ఒక్కసారే ఎక్కువ ఎత్తుదామంటే కమాను పట్టీలు కూర్చుంటాయి, వెనక టైర్లు త్వరగా అరుగుతాయి, బ్రేకు వేసినా బండి వెంటనే ఆగదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీ రావచ్చు. ఏ బండైనా ఐసు నీరు నిలిచే మూలలకు తుప్పు పడుతుంది కాబట్టి రోజూ కడిగి ఆరబెట్టాలి. కొనేముందు ఏడాది పొడవునా దొరికే కిరాయిలెన్నో, బరువెంతో రాసుకోండి. ఐసుతో కలిపి 700 కిలోలు దాటనివే ఎక్కువైతే ఏస్ తీసుకోండి. దాటేవే ఎక్కువైతే, వాయిదా కాస్త బరువైనా పికప్ తీసుకోండి.