చిత్రముల రంగులరాట్నము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

  

నేను పండితుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, తీరికవేళల ఈ గ్రంథాలయమున నాలుగు కావ్యములు చదువుకొన్నవాడను. మన 25 ఏండ్ల ఛాయాచిత్రములలో 12 ఏర్చి, కంప్యూటరు సాయమున ఒకదాని వెంట నొకటి తెరపై నడపుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఆ పనియందు నేను నేర్చినది మనవి చేసెదను.

చిత్రములన్నిటిని ఒకే వరుసగా పేర్చి, ఒక్క చిత్రము మాత్రమే కనబడునంత కిటికీని వాని ముందుంచవలెను. వరుస ఒక చిత్రపు వెడల్పు జరిగినచో కిటికీలోనికి మరియొకటి వచ్చును. మరి చివరిది దాటిన పిమ్మట? ఇచ్చట మన పంచాంగమే గురువు. ప్రభవ మొదలు అక్షయ వరకు 60 సంవత్సరములు గడచి మరల ప్రభవయే వచ్చును. 1987 ఉగాదికి వచ్చిన ప్రభవ 2047 ఉగాదికి తిరిగివచ్చును. అట్లే చిత్రములకు 0 మొదలు 11 వరకు అంకెలు వేసి, ముందునకు పోవుటకు 1 కలిపి, 12 చేత భాగించి, శేషమును గ్రహింపవలెను. 11 తరువాత శేషము 0, అనగా మొదటి చిత్రమే. వెనుకకు పోవుటకు 11 కలిపి అట్లే చేయవలెను. అతుకు కనబడకుండుటకు చివరి చిత్రము ప్రక్కన మొదటిదాని ప్రతి నొకటి ఉంచి, అది కిటికీలో నిలిచిన క్షణమున వరుసను మొదటికి మార్చవలెను.

లెక్క సరిపోయినది. ఒక్కొక్క చిత్రమునకు 3 సెకండ్లిచ్చి పరీక్షకు నడిపితిని. స్థాపననాటి చిత్రము రాగా, ఒక వృద్ధ సభ్యుడు కండ్లజోడు సవరించుకొని, కాలధర్మము నొందిన తన మిత్రుని ముఖమును వెదకుచుండెను. అంతలో చిత్రము జారిపోయెను. "కాస్త ఆపవయ్యా!" అనిరి. ఆపుటకు నేను మార్గమే ఉంచలేదు.

ఆ రాత్రి నాకు తోలుబొమ్మలాట జ్ఞప్తికి వచ్చినది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పేర్కొన్న ప్రాచీన విద్య అది. ఆ విద్యకే నిమ్మలకుంట దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఆటగాడు మాటాడుచున్న బొమ్మను కదపును. తక్కినవానిని ముండ్లతో తెరకు గ్రుచ్చి నిలుపును. నా చిత్రములకు ఆ ముల్లు కరవైనది.

మరునాడు వెనుకకు, నిలుపు, ముందునకు అను మూడు మీటలు చేర్చితిని. మనిషి మీట నొక్కగనే యంత్రపు గడియారము మరల మొదటినుండి లెక్కింపవలెను. లేనిచో చిత్రము రెండడుగులు దుముకును. తనంత కదలుచు 5 సెకండ్లకు మించి సాగుదానిని ఆపు సాధనము చూపరుల కుండవలెనని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమువారి మార్గదర్శక సూత్రములును చెప్పుచున్నవి.

ఆ పెద్దలు నిలుపు మీట నొక్కి చాలసేపు చూచిరి. పిదప తామే ముందునకు నడపిరి. పుస్తకపు పుట త్రిప్పుట చదువరి చేతిలోని పని. గ్రంథాలయమువారి చిత్రములకును ఆ మర్యాదయే తగును. ఈ సాయంకాలము మీటలు మీ యొద్దనే యుండును. తొందరపడక చూడుడు.