పక్క గది తలుపు

ముగ్గురు తోడికోడళ్ళు మాటల్లేకుండా వండితే కూరలో ఉప్పు ఎన్నిసార్లు పడుతుందో మీకు నేను చెప్పాలా! పెదకూరపాడు వైపు నేను పంతులమ్మగా ఉన్న బడీ అంతే. మిరపకాయల కోతకెళ్ళి నెలన్నరకు తిరిగొచ్చిన పిల్లకు తీసివేతలు రాలేదు. "కింది తరగతిలో నేర్పలేదు" అని నేను, "నేర్పాను, నువ్వే చూడలేదు" అని ఆవిడ. పిల్ల గోడవైపు చూస్తూ నిలబడింది. రేపణ్ణించి మళ్ళీ కోతకే పోతుందేమోనని నా భయం.

1980లలో బ్రిటన్ సాయంతో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కింద చుట్టుపక్కల బళ్ళ టీచర్లు ఉపాధ్యాయ కేంద్రంలో కలిసేవాళ్ళు. మొదట్లో టీ, డి.ఏ. కబుర్లే, దాచడమెందుకు! ఒకనాడు సిగ్గు విడిచి, నాకు కుదరని ఆ పాఠమే అందరిముందూ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒకాయన పది చీపురుపుల్లల కట్ట విప్పి, "అప్పు తేవడమంటే ఇదేనమ్మా" అన్నారు. పక్క గది ఆవిడే మర్నాడు నాకు కట్టలు కట్టిచ్చింది!

మీ పిల్లల బడికి వెళ్ళినప్పుడు ర్యాంకు సంగతి తర్వాత, టీచర్లు కలిసి కూర్చునే గంట ఏదని అడగండి.