టైర్ల ఊరి రగ్బీ జట్టు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫ్రాన్సులో అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉండి వచ్చాను కనుక అక్కడి విశేషాలేవైనా చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. ఐఫిల్ టవరు గురించి నేను చెప్పనక్కరలేదు. చూసి వచ్చినవారు ఈ సభలోనే నలుగురైదుగురున్నారు. నేనొక ఆటల క్లబ్బు సంగతి చెబుతాను. మన బస్సుల పుణ్యమా అని మనలో చాలామంది సర్వీసంతా టైర్లతోనే గడిచింది. నేనైతే రీట్రెడింగు షాపు రబ్బరు వాసనలోనే రిటైరయ్యాను. ఈ క్లబ్బు పుట్టింది టైర్ల ఫ్యాక్టరీలో. అందుచేత మీకు విసుగు కలగదని ధైర్యం.

ఆ ఊరి పేరు క్లెర్మాన్ ఫెరాన్. చల్లారిపోయిన అగ్నిపర్వతాల పక్కన ఉంటుంది. అక్కడి పెద్ద చర్చి కూడా నల్లటి లావా రాతి కట్టడమే. 1889లో ఆంద్రె, ఎదువార్ అనే మిషెలిన్ సోదరులు అక్కడ కంపెనీ పెట్టారు. తరువాత ఊరే కంపెనీ అయిపోయింది. కార్మికులు ఉండే ఇళ్ళు, పిల్లల బళ్ళు, ఆసుపత్రి, సరుకుల దుకాణాలు అన్నీ కంపెనీవే. ఇలాంటి ఊళ్ళు మనకూ తెలుసు. కాలనీలో పుట్టి, కాలనీ బడిలో చదివి, అదే గేటులో ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు మన బంధువుల్లో ఎందరో ఉంటారు.

1911లో ఆంద్రె కుమారుడు మార్సెల్ మిషెలిన్ కార్మికుల కోసం ఒక క్రీడా సంఘం స్థాపించాడు. మొదట దానికి కంపెనీ పేరే ఉండేది. వ్యాపార సంస్థ పేరు క్రీడా సంఘానికి తగదన్నందున కొన్నేళ్ళకు ఆ పేట పేరు మీద మోన్‌ఫెరాన్ సంఘంగా మార్చారు. పేరు పోయింది గాని రంగులు పోలేదు. పసుపు, నీలం కంపెనీ రంగులు. నూరేళ్ళు దాటినా జట్టు చొక్కాలు అవే.

ఆట తెలియనివారి కోసం ఒక్క మాట. రగ్బీ బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. పక్షానికి పదిహేనుమంది. బంతిని చేత పట్టుకుని పరుగెత్తి అవతలివాళ్ళ గీత దాటించి నేలకు తాకించాలి. చేతితో ముందుకు విసరరాదు, పక్కకో వెనక్కో అందించాలి. ఎదుటివాళ్ళు మీదపడి పట్టేస్తారు. మన కబడ్డీ కూతగాడికి బంతి ఇచ్చి పంపినట్టు ఉంటుందని నాకు తోచింది. మా అల్లుడు ఒప్పుకోలేదు.

మార్సెల్ మిషెలిన్ గురించి కొంచెం చెప్పాలి. యజమాని కొడుకు, సరదాకు క్లబ్బు పెట్టాడు అని తీసిపారేయడానికి లేదు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు ఫ్రాన్సును ఆక్రమించినప్పుడు ఆయన ప్రతిఘటన ఉద్యమంలో ఉన్నాడు. 1943లో పట్టుబడ్డాడు. బుఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి పంపారు. 1945 జనవరిలో దాని అనుబంధ శిబిరమైన ఓర్‌డ్రుఫ్‌లో మరణించాడు. మరికొన్ని నెలలు గడిస్తే యుద్ధం ముగిసేది. క్లబ్బు స్టేడియానికి ఉన్నది ఆయన పేరే. అక్కడ ఒక గ్యాలరీకి ఫ్లిపొన్నో అనే ఆటగాడి పేరుంది. జాతీయ జట్టుకు ఆడినవాడు. 1976 మేలో ఒక స్నేహపూర్వక మ్యాచి ఆడుతుండగా ఆ మైదానంలోనే పిడుగు పడి చనిపోయాడు.

ఇక జయాపజయాలు. ఫ్రెంచి ఛాంపియన్లకు కప్పు ఇవ్వరు, బ్రెన్నస్ డాలు ఇస్తారు. చెక్కకు ఇత్తడి రేకు తాపిన డాలు. 1892 నుంచి ఉన్నది. మన క్లెర్మాన్ జట్టు దాని కోసం మొదటిసారి 1936లో ఫైనల్ ఆడింది. నార్బాన్ చేతిలో 6–3 తేడాతో ఓడింది. మరుసటి ఏడు మళ్ళీ ఫైనల్, మళ్ళీ ఓటమి. 1970లో లా వూల్ట్ అనే చిన్న పట్నం చేతిలో 3–0. రగ్బీలో మూడే పాయింట్లతో ఫైనల్ తేలడం ఎంత చిత్రమో, ముప్ఫై నలభై పాయింట్ల మ్యాచిలు చూశాక నాకు తెలిసింది. 1978లో బెజియే చేతిలో 31–9, చిత్తుగా. 1994, 1999, 2001 మూడుసార్లూ తులూజ్ చేతిలోనే.

మా అమ్మాయివాళ్ళ పక్కింట్లో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఎనభైనాలుగేళ్ళు. పదహారో ఏట ఫ్యాక్టరీలో చేరి అక్కడే రిటైరయ్యాడు. నేను టైర్ల పనివాణ్ణని అల్లుడు చెప్పగానే నా చేతులు పట్టుకుని చూశాడు. మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. అల్లుడు ఇంట్లో ఉంటే మాటలు, లేకపోతే కాగితం మీద అంకెలు. ఈ స్కోర్లన్నీ ఆయన అలా రాసి ఇచ్చినవే. ఓడినవన్నీ కంఠతా వచ్చు.

ఆ రోజుల్లో ఆటగాళ్ళలో చాలామంది కంపెనీలోనే ఉద్యోగులట. పగలు పని, సాయంత్రం ప్రాక్టీసు. ఆదివారం మైదానంలో చూసిన మనిషి సోమవారం మన పక్క షాపులో కనబడతాడు. మనకిది కొత్త కాదు. హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు తెచ్చినప్పుడు, ఆడినవాళ్ళు పోలీసులే గదా! 1995లో రగ్బీలో జీతాల ఆట అధికారికంగా వచ్చింది. అప్పటినుంచి ఆటగాడు వేరు, కార్మికుడు వేరు.

1999 సంవత్సరం గురించి ఆ పెద్దమనిషి ఎక్కువసేపు మాట్లాడాడు. ఆ ఏడు క్లబ్బు యూరపు రెండో స్థాయి కప్పు గెలిచింది. స్వదేశపు ఫైనల్ మాత్రం తులూజ్‌కు 15–11తో వదులుకుంది. సెప్టెంబరులో కంపెనీ లాభాలు పెరిగాయని ప్రకటించి, ఆ వెంటనే యూరపులో మూడేళ్ళలో 7,500 ఉద్యోగాలు తగ్గిస్తామంది. దేశమంతా గగ్గోలైంది. ఒకప్పుడు ఆ ఊళ్ళో పాతికవేల పైచిలుకు మంది కంపెనీ ఉద్యోగులుండేవారు. ఇప్పుడు అందులో సగం కూడా లేరు. "మరి ఆ ఏడు మ్యాచికి వెళ్ళారా?" అని అడిగాను. ఆయన నావైపు వింతగా చూశాడు. అల్లుడు తర్జుమా చేసిన జవాబు ఇది: "కంపెనీ వాళ్ళది. జట్టు మాది. జట్టు మమ్మల్ని ఎప్పుడు తీసేసింది, మేము మానేయడానికి?"

యాజమాన్యం పెట్టిన క్లబ్బును కార్మికుడు ఇంత నిశ్చింతగా తనదనడం నన్ను ఆలోచనలో పడేసింది. అది న్యాయమైన హక్కేనని నా అభిప్రాయం. పునాది వేసినవాడు మిషెలిన్ కావచ్చు. అన్నేళ్ళు వానలో గ్యాలరీ ఎక్కి నిలబడింది వీళ్ళే.

2004లో క్లబ్బు పేరులో క్లెర్మాన్, దాంతోపాటు ఆ ప్రాంతమైన ఒవెర్న్ చేరాయి. 2006లో న్యూజీలాండు నుంచి వెర్న్ కాటర్ కోచ్‌గా వచ్చాడు. 2007 ఫైనల్లో చివరి నిమిషాల్లో దెబ్బతిని పారిస్ జట్టు స్టాడ్ ఫ్రాన్సేకు 23–18తో ఓడారు. 2008లో మళ్ళీ తులూజ్. 2009లో పెర్పిన్యాన్. మూడేళ్ళు వరుసగా ఫైనల్ చేరి మూడేళ్ళూ ఓడటమంటే మాటలు కాదు. మొత్తం పది ఫైనళ్ళు, పది ఓటములు. దేశమంతా హాస్యమాడేది.

2010 మే 29న పదకొండో ఫైనల్. ఎదుట అదే పెర్పిన్యాన్. క్లెర్మాన్ 19–6తో గెలిచింది. కెప్టెన్ ఒరేలియన్ రుజెరీ. తండ్రీ ఇదే క్లబ్బుకు ఆడాడు, తల్లి బాస్కెట్‌బాల్‌లో ఫ్రాన్సుకు ఆడింది. కొడుకు చివరిదాకా ఇంకో క్లబ్బు మెట్టెక్కలేదు. ఆ రాత్రి ఊరి నడిమధ్య జోద్ మైదానంలో పెద్ద తెర ముందు వేలాదిమంది. పక్కింటి పెద్దమనిషి అక్కడే ఉన్నాడు. 1970లో తనతో తులూజ్ వరకు వచ్చి ఓటమి చూసిన షాపు మిత్రులు ఏడుగురట. అప్పటికి మిగిలింది తానూ, ఇంకొకరూ. "గట్టిగా అరవలేకపోయాను" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తరువాత స్వంత మైదానంలో క్లెర్మాన్‌ను ఎవరూ ఓడించలేకపోయారు. 2009 చివరి నుంచి 2014 మేలో కాస్ట్ర్ వచ్చి గెలిచేదాకా వరుసగా 77 మ్యాచిలు. 2017లో తులోన్‌ను 22–16తో ఓడించి రెండో డాలు తెచ్చారు. (తులూజ్ వేరు, తులోన్ వేరు, నాకు నెలరోజులు పట్టింది.) 2015, 2019 ఫైనళ్ళు మాత్రం పోయాయి. ఆ తరువాత 2025 దాకా మరో ఫైనల్ చేరలేదు.

స్టేడియం ఇప్పటికీ ఫ్యాక్టరీ పేటలోనే ఉంది. అక్కడికి దగ్గర్లో టైర్లను పరీక్షించడానికి కంపెనీ కట్టిన వాలు ట్రాకులు కొండల్లా కనిపిస్తాయి. వాటిని చూస్తూ ఎంతసేపైనా నిలబడేవాణ్ణి. మా ఆవిడ విసుక్కునేది.

ఒకటి మిగిలింది. యూరపు పెద్ద కప్పు క్లెర్మాన్‌కు ఇంతవరకు దక్కలేదు. 2013లో 15–6 ఆధిక్యంలో ఉండి కూడా తులోన్‌కు 16–15తో ఓడారు. 2015లో మళ్ళీ తులోనే. 2017లో ఇంగ్లండు జట్టు సారసెన్స్. ఈ లెక్క కూడా కాగితం మీద రాసి ఇచ్చి పెద్దమనిషి అన్నాడు గదా: "డాలుకు పది ఓటములు పట్టాయి. దీనికి మూడే అయ్యాయి. ఇంకా ఏడున్నాయి." వచ్చే సీజను పాసు అప్పటికే కొనుక్కున్నాడు.