లోపల పట్టిన చిలుము



ఒక వర్షాకాలంలో మా కారు ముందు లైటు ఒకటి తరచుగా మసకబారేది. ఎండ కాస్తే మళ్ళీ బాగుండేది. బల్బు మార్చాను, బ్యాటరీ మార్చాను. అయినా ఒక రాత్రి దారిలో అది పూర్తిగా ఆరిపోయింది. ఎదురుగా సైకిలు మీద వస్తున్న మనిషిని చివరి క్షణంలో చూశాను. దేవుని కృప వలన అతనికి దెబ్బ తగలలేదు.

మరునాడు మెకానిక్ బల్బు జోలికి పోలేదు. దాని వెనుక తీగలు కలిసే కనెక్టరును విప్పాడు. బయట ప్లాస్టిక్ చక్కగానే ఉంది. లోపల పిన్నుల మీద పచ్చని చిలుము! రబ్బరు సీలు చిట్లిపోయి, ఆ సందులోనుండి వాననీరు దిగింది. చిలుము పట్టిన చోట కరెంటు సరిగా పారదు. బ్యాటరీలో 12 వోల్టులు నిండుగా ఉన్నా, లైటుకు చేరేది తక్కువే. అడ్డుపడిన చోట వేడి పుట్టి ప్లాస్టిక్ కూడా కరిగిపోవచ్చు.

"పైన కాస్త గ్రీజు పూసి మూసేయరాదా?" అన్నాను.

"అయ్యగారూ, చిలుము మీద గ్రీజు పూస్తే తడి లోపలే ఉండి ఇంకా తినేస్తుంది. ముందు శుభ్రం చేయాలి" అన్నాడు.

బ్యాటరీ తీగ విప్పి, మందు కొట్టి శుభ్రం చేసి, ఆరబెట్టాడు. తినేసిన పిన్ను తీసి కొత్తది వేశాడు. సీలు మార్చి, చివరికి గ్రీజు పూశాడు.

ప్రియులారా, ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. పొలం గట్టు తగవుతో నేను మా అన్నయ్యతో నాలుగేళ్లుగా మాట్లాడటం లేదు. ప్రతి ఆదివారం వాక్యం చెబుతూనే ఉన్నాను గాని ప్రార్థనలో జీవం లేదు. ఉపవాసాలు పెంచాను, కూటాలు పెంచాను. అవన్నీ బల్బులు మార్చడమే! దేవుని శక్తి ఏమీ తగ్గలేదు. కలిసే చోట చిలుము పట్టింది. యెషయా 59వ అధ్యాయము మొదటి రెండు వచనములు చదవండి. దేవునికిని మనకును మధ్య అడ్డు నిలిచేది మన దోషమే.

దావీదు తన పాపమును దాచినంతకాలం లోలోపల కృశించిపోయాడు. ఒప్పుకొన్నప్పుడే క్షమాపణ పొందాడని 32వ కీర్తన చెప్పుచున్నది. బలిపీఠము నొద్ద అర్పణను విడిచి, మొదట సహోదరునితో సమాధానపడమని ప్రభువు మత్తయి 5:23, 24లో ఆజ్ఞాపించాడు.

ఆ సాయంత్రమే అన్నయ్య ఇంటికి వెళ్లాను. గట్టు సంగతి ఇంకా తేలలేదు. కాని వదిన అన్నం వడ్డించింది, అన్నదమ్ములం మోకరించి ప్రార్థించాము.

సహోదరీ, సహోదరుడా, నీ లోపల ఏ సందున నీరు దిగుతున్నది? పైపూతలు చాలు. నేడే విప్పి ప్రభువుకు చూపించు. ఆయన రక్తము కడుగని మరక లేదు.

ప్రార్థించుకుందాం. ప్రభువా, మేము దాచినదానిని నీ యెదుట ఒప్పుకొనుచున్నాము. మమ్మును కడిగి, నీ వెలుగును మాలో మరల ప్రకాశింపజేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.