తలుపు బలం ఎక్కడుంది?



పగలు అందరూ ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళాక ఇల్లు కనిపెట్టుకుని ఉండేది మనమే. రాత్రి గడియ పడిందో లేదోనని మరోసారి లేచి చూసేదీ మనమే. అందుకే ఈవేళ తలుపు సంగతి నాలుగు మాటలు చెప్పుకుందాం.

తలుపు భద్రతకు మనకు తోచిన ఉపాయాలు కొన్ని ఉన్నాయి. తలుపుకు కుర్చీ ఆనిస్తాం. గడియ సందులో గరిటె కాడ దూరుస్తాం. తలుపు వెనక స్టీలు గ్లాసులు పేరుస్తాం. ఇవి చేశాక నిద్ర పడుతుంది, నిజమే. కానీ నున్నటి గచ్చు మీద కుర్చీ ఒక్క తోపుకే జారిపోతుంది. గరిటె కాడ వంగిపోతుంది. గ్లాసులు పడి చప్పుడయ్యేది తలుపు తెరుచుకున్నాకే కదా!

మన పెద్దల ఇళ్ళలో అడ్డగడియ ఉండేది. లావుపాటి కర్ర, కొసలు గోడ కన్నాల్లోకి దూరేవి. ఎంత తోసినా ఆ బరువు గోడ మోసేది. కిటుకంతా అదే. తోపుడును గోడో ద్వారబంధమో మోయాలి గాని, కుర్చీ వల్ల ఏమవుతుంది?

ఖరీదైన తాళంకప్ప కొని నిశ్చింతగా ఉండేవారూ ఉన్నారు. కప్ప ఎంత గట్టిదైనా, గొళ్ళేన్ని పట్టుకున్నవి అరంగుళం స్క్రూలైతే ఏం లాభం? దొంగ కప్ప జోలికే పోడు. ఇనపచువ్వతో గొళ్ళేన్నే పెకలిస్తాడు. బందరులో ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. గుడివాడ వైపైనా, దివిసీమలోనైనా వానాకాలంలో చెక్క ఉబ్బి గడియ సగమే దిగుతుంది. పడిందని మనమనుకుంటాం. వానల్లో ఒకసారి, వేసవిలో ఒకసారి అది చివరికంటా దిగుతోందో లేదో చూడండి. వడ్రంగి చేత ద్వారబంధంలోకి లోతుగా దిగే పొడుగు స్క్రూలు, తుప్పు పట్టనివి, వేయించండి. కొత్త తాళానికయ్యే ఖర్చు కూడా కాదు.

తాళంచెవి తులసికోటలోనో, మీటరు పెట్టెలోనో దాచకండి. మనకు తోచిన చోటు దొంగకూ తోస్తుంది. నమ్మకమైన పొరుగింటి వదినగారి చేతికివ్వండి. ఊళ్ళో ఉన్నట్టు కనబడాలని దీపం వేసి వెళతారు కొందరు. పట్టపగలు వెలిగే దీపమే ఇంట్లో ఎవరూ లేరని చాటుతుంది!

ఇంకొక ముఖ్యమైన మాట. దొంగల భయంతో లోపల తాళం వేసి, చెవి ఎక్కడో దాచకండి. గ్యాసు లీకైనా, మంట లేచినా, పెద్దవాళ్ళకు రాత్రివేళ గుండెనొప్పి వచ్చినా ఆ తలుపు క్షణంలో తెరుచుకోవాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమ వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. బయటివాణ్ణి ఆపాలి, లోపలివాళ్ళను ఆపకూడదు. చీకట్లో, కరెంటు లేకపోయినా ఇంట్లో పిల్లవాడు సైతం తీయగలిగిన గడియే మంచి గడియ.

సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు పోలీసుస్టేషనులో ముందుగా చెప్పి వెళ్ళండి. తాళం వేసిన ఇళ్ళ మీద కెమెరాతో నిఘా ఉంచే ఎల్.హెచ్.ఎం.ఎస్. అనే ఏర్పాటును ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చారు. మీ స్టేషనులో అది ఎలా అందుతోందో అడగండి. అనుమానం కలిగితే తలుపు తీయకుండానే 112కు ఫోను చేయండి.

దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగిన సామెత మన ఇంటికి రాకూడదు. ఈ సాయంత్రం వంట ముగిశాక ఒక్కసారి గొళ్ళెం పట్టుకుని లాగి చూడండి. కదిలిందా, రేపే వడ్రంగికి కబురు పెట్టండి.

సెలవు.