పాత డీజిల్ జీపు – ఎర్రలైట్లు

ఇ.ఎం.ఇ.లో బండ్ల మధ్యే నా సర్వీసంతా గడిచింది కనుక, పాత ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్ జీపుల గురించి నాలుగు మాటలు చెబుతాను.

సూరత్‌లో లింబాయత్ వైపు ఉండే మన తెలుగు మిత్రుడొకాయన జీపులో డుమస్ బీచ్‌కి వెళ్తున్నాం. దారిలో ఛార్జింగు లైటు వెలిగింది. "డీజిల్ బండి కదా సార్, బ్యాటరీ లేకపోయినా నడుస్తుంది" అన్నాడాయన. అలాంటి పాత ఇంజను నడిచేమాట నిజమే. అయినా ఆపించాను. బానెట్ ఎత్తితే ఫ్యాన్ బెల్టు తెగి ఉంది. వాటర్ పంపును తిప్పేదీ ఆ బెల్టే. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ఇలాంటి బండ్లలో చాలావాటికి బ్రేకు బూస్టరును నడిపే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటరు వెనకే బిగించి ఉంటుంది. బెల్టు పోతే, రెండు మూడుసార్లు నొక్కేసరికి పెడలు రాయిలా అవుతుంది. బ్రేకు అసలే పడదని కాదు, బలమంతా పెట్టి తొక్కాలి. ఆదివారం పూట పిల్లలు అడ్డంపడే బీచి రోడ్డు అది!

ఆయిల్ లైటు వెలిగితే మాత్రం తక్షణం ఇంజను ఆపెయ్యాలి.

తాళం తిప్పగానే ఈ రెండు లైట్లూ వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. మొదట్లోనే వెలగకపోతే బల్బో వైరో పోయి ఉండొచ్చు. నాకైతే వెలిగే లైటు కన్నా అదే భయం.

సముద్రపు ఉప్పుగాలికి ఎర్త్ వైరు తుప్పు పడుతుంది. గేజీల ముళ్లన్నీ ఒకేసారి పిచ్చిగా ఊగితే ఇంజను విప్పించకండి, ముందు ఆ వైరు గీకి బిగించి చూడండి.