మడ అడవియు, వీథిరంగమును
(రేపల్లెలో గావించిన ఉపన్యాసము)



కృష్ణానది సముద్రమును చేరుచోట, మన నిజాంపట్నపు తీరమున, ఉప్పునీట నిలిచి పెరుగు అడవి యొకటి కలదు. అదియే మడ అడవి. తెల్లమడ, నల్లమడ, తిల్ల మున్నగు చెట్లు బురదలో వేళ్లూని అలల వడిని తగ్గించును. రొయ్యపిల్లలకు, చేపపిల్లలకు ఆశ్రయమిచ్చును. గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, అందలి కర్బనమును తరతరములు నేలలో దాచును.

1977 నవంబరు 19వ తేదీన ఏటికావలి దివిసీమను ఉప్పెన ముంచినది. వేలమంది ప్రాణములు కోల్పోయిరి. నేడు బంగాళాఖాతము వేడెక్కుచున్నది, సముద్రమట్టము పెరుగుచున్నది. వెచ్చని సముద్రము తుపానులకు బలమిచ్చునని శాస్త్రజ్ఞుల మాట. ఇట్టి కాలమున రొయ్యల చెరువులకై మడను నరకుట, కంచె పీకి చేనును పశువుల కప్పగించుట కాదా?

ఈ సంగతిని పఠనమందిరములో మనలో మనము చెప్పుకొనిన చాలదు. అడవి యంచున బ్రతుకు జాలరులు ఉపన్యాసములకు రారు, బుర్రకథకు వత్తురు. తెరయు టిక్కెట్టును లేక, ఊరి నడుమ కథకుడు అందెలు కట్టి, తంబురా భుజమునబెట్టి చిందు వేసినచో, చంటిబిడ్డల తల్లులు సైతము కథ ముగియుదాక కదలరు. ఏటికావలి కూచిపూడి భాగవతులును పూర్వము ఆరుబయట దివిటీల వెలుగున ఆడినవారే. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను జనుల గొంతుగా మలచినది. ఆ కళకు పేరు తెచ్చిన షేక్ నాజరు మన గుంటూరు సీమవారే.

అయితే బోధకులమై పోరాదు. అడవి సంగతి జాలరులకు మనకన్న నెక్కువగా తెలియును. వారినడిగి, వారి మాటలతోనే కథ కట్టవలెను. హాస్యపు వంత నవ్వించును. రాజకీయపు వంత యడుగవలసిన ప్రశ్నలు రెండు: చెరువుపై లాభమెవ్వరిది? ఉప్పెన వచ్చిన మునుగు ఇల్లెవ్వరిది? మొదటి ప్రశ్న పట్టణములో మదుపు పెట్టిన మనవారికి తగులును. తగులనిండు. కథ యందులకే.

దుఃఖముతోనే కథ ముగియనక్కరలేదు. పాడైన చోట్ల పోటునీరు పారునట్లు చేపముల్లు వంటి కాలువలు త్రవ్వి, మొక్కలు నాటినచో మడ తిరిగి లేచునని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ కృష్ణా గోదావరీ ముఖములయందు చూపినది.

కావున మా కోరిక యిది. వచ్చు తుపానుల కాలమునకు ముందే నిజాంపట్నపు రేవున తొలి కథ చెప్పింతము. కథకులకు భోజనమును, దారిఖర్చును పట్టణస్థులమైన మనము భరింతము. మరునాటి యుదయమున కాలువ త్రవ్వుటకు మేము పారలతో పోయెదము. మీలో నెందరు వత్తురు?